కాటన్ పటం: కరుణ వాదానికి ఖండన

గోదావరి మధ్య డెల్టాలో, అంటే గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఒదిగి ఉన్న కోనసీమలో, గోదావరి ఆనకట్టను కట్టించిన ఆంగ్లేయ ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ బొమ్మకు ఉన్న వ్యాప్తి మరే పరదేశీయుడి బొమ్మకూ లేదు. పంచాయతీ కార్యాలయం గోడ మీద, నీటి సంఘం గదిలో, లాకుల పక్కన, కొన్ని ఇళ్ళలో సత్యనారాయణస్వామి పటం సరసన, దండతోనో కుంకుమ బొట్టుతోనో ఆ బొమ్మ కనిపిస్తుంది. చేతులు మారే కొద్దీ వివరాలు మారినా పటం మూస ఒకటే: వయసు మళ్ళిన దొర, మెడదాకా బిగించిన సైనిక కోటు, భుజాల మీద జలతారు, రొమ్ము మీద పతకాలు, సూటిగా నిలిచిన తల. ఈ పటాన్ని గురించి జయంతి సభల్లోనూ ప్రత్యేక సంచికల్లోనూ ఏటా వినిపించే వ్యాఖ్యానం ఒకటి ఉంది. దానిని ముందుగా దాని పూర్తి బలంతో చెప్పుకోవడం న్యాయం.

ఆ వ్యాఖ్యానం ప్రకారం కాటన్ సైనికుడిగా వచ్చాడు గాని ఆయన మనసు సైనికుడిది కాదు. 1832-33 నాటి నందన కరువూ 1839 నాటి కోరంగి తుపానూ ఊళ్ళకు ఊళ్ళను ఖాళీ చేయగా, బీడుపడిన ఆ సీమను చూసి ఆయన కరిగిపోయాడు. ఆ కరుణే ఆనకట్టగా నిలిచింది. అందుచేత పటంలో చూడవలసింది ముఖాన్ని, ముఖ్యంగా కళ్ళను. కోటూ పతకాలూ కత్తీ ఆనాటి ఉద్యోగ వేషం మాత్రమే గనుక వాటికి అర్థాలు వెతకడం కోడిగుడ్డుకు ఈకలు పీకడం. గుర్రం మీది విగ్రహం ఆయన ఊరూరా తిరిగి రైతుల కష్టసుఖాలు విచారించిన తీరుకు గుర్తు. ఇక ఇటువంటి పటాన్ని పరీక్షకు పెట్టడమంటే అన్నం పెట్టిన చేతిని శంకించడమే.

ఈ మాటల్లో చరిత్ర సత్యం లేకపోలేదు. ఆనకట్టకు ముందు రాజమహేంద్రవరం జిల్లా పడిన దుస్థితి ఈస్టిండియా కంపెనీ వారి సొంత నివేదికల్లోనే నమోదైంది; 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ఆ దుస్థితిని మార్చిందన్నది కాదనలేని విషయం. కాటన్ లేనిదే ఆ పని అప్పట్లో జరిగేది కాదన్న మాటను కూడా ఇక్కడ ఎవరూ తోసిపుచ్చడం లేదు. అభ్యంతరమల్లా ఈ సంగతులను పటంలోంచి చదివామని అనుకోవడం మీద, అలా అనుకుని పటంలో నిజంగా ఉన్నదానిని చూడకుండా వదిలేయడం మీద.

1. ముఖం గురించి

పటంలోని ముఖం కరువును చూసి కరిగిన ముఖమన్న వాదన తేదీల ముందే నిలవదు. కాటన్ 1803 మే 15న పుట్టాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట లేచిన అయిదేళ్ళలో ఆయన వయసు 44కూ 49కీ మధ్య. అప్పటికి ఆయన జనరల్ కాడు, 'సర్' కూడా కాడు. నైట్ బిరుదం, అంటే వ్యక్తి జీవితకాలానికి మాత్రమే పరిమితమై, వారసులకు సంక్రమించని గౌరవం, 1861లో వచ్చింది. 'స్టార్ ఆఫ్ ఇండియా' అనే బిరుద శ్రేణిని విక్టోరియా రాణి ప్రభుత్వం నెలకొల్పిందే 1861లో. అందులో నైట్ కమాండర్ హోదా ఆయనకు 1866లో దక్కింది. ఆ హోదా గలవారు తెల్లని అంచులున్న లేత నీలి పట్టీతో మెడలో ఒక పతకాన్నీ, రొమ్ము మీద కిరణాలు చిమ్మే నక్షత్రాన్నీ ధరించేవారు. కనుక ఏ పటంలో ఆ నక్షత్రం ఉన్నదో ఆ పటంలోని మనిషి ఆనకట్ట పూర్తయిన పద్నాలుగేళ్ళకు గాని ఆ రూపంలో ఎవరి ముందూ నిలబడి ఉండడు. అరవై దాటి, భారతదేశపు కొలువు ముగించుకుని, సామ్రాజ్యం చేసిన సత్కారాన్ని ఒంటి మీద పెట్టుకున్న పెద్దమనిషి రూపమది. నందన కరువు బాధితులను చూసిన కళ్ళు ఇవేనని ఉపన్యాసకులు చూపించేటప్పుడు నడుమ గడిచిన దశాబ్దాలు ఎక్కడికి పోయాయో చెప్పరు.

రెండవ చిక్కు నకళ్ళది. కోనసీమ గోడల మీది బొమ్మ ఏదీ కాటన్‌ను ఎదురుగా కూర్చోబెట్టి గీసినది కాదు. నలుపు తెలుపు అచ్చుబొమ్మను చూసి ఒకరు రంగుల్లో గీస్తే, దానిని చూసి మరొకరు క్యాలెండరుకు, ఇంకొకరు ఫ్లెక్సీకి, వేరొకరు సిమెంటు విగ్రహానికి దించుకున్నారు. మద్రాసు ఇంజనీర్ల కోటు నిజానికి ఎరుపు. గోడ మీది కోటు ఎరుపో నీలమో గీసిన చేయి నిర్ణయించుకున్నదే. రంగు విషయంలో ఇంత స్వేచ్ఛ తీసుకున్న చేయి, పెదవి వంపు విషయంలో, కనురెప్ప బరువు విషయంలో మాత్రం మూలానికి కట్టుబడిందని నమ్మడానికి ఆధారమేమిటి? కళ్ళలో కరుణ నిజంగానే ఉన్నదనుకున్నా అది కాటన్ దగ్గర బయలుదేరిందా, దారిలో ఏ క్యాలెండరు చిత్రకారుని దగ్గరో చేరిందా అన్న ప్రశ్నకు ముఖ వాదులు జవాబు చెప్పవలసి ఉంది.

మూడవది అన్నిటికంటె గట్టి అభ్యంతరం. పంతొమ్మిదో శతాబ్దపు అధికార చిత్రణలో, అంటే హోదాను చాటడానికి కొలువు పద్ధతిలో గీయించుకునే పటాల్లో, ముఖాన్ని భావరహితంగా ఉంచడమే నియమం. నవ్వు చనువుగానూ, దుఃఖం బలహీనతగానూ లెక్కకు వస్తాయి గనుక మూసిన పెదవులూ స్థిరమైన చూపూ విధిగా ఉంటాయి. చెప్పవలసినదంతా దుస్తులూ పతకాలూ చెబుతాయి. ఆ పద్ధతిలోనే నిలిచిన మరొక మద్రాసు సైన్యాధికారి జేమ్స్ నీల్. 1857లో అలహాబాదు, కాన్పూరులలో ఈయన సాగించిన ఉరితీతలు అపకీర్తికెక్కాయి. మద్రాసు మౌంట్ రోడ్డులో నిలిపిన ఈయన విగ్రహాన్ని తొలగించాలని 1927లో సత్యాగ్రహం జరిగింది. చివరికి 1937లో కాంగ్రెసు ప్రభుత్వం దానిని అక్కడి నుంచి తీసివేసింది. అదే సైన్యం, అదే నిలకడ, అదే తరహా కోటు, అదే భావరహితమైన ముఖం. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమన్నట్టు ఒకే పద్ధతి ఇద్దరికీ సరిపోయినప్పుడు, ఒకరి ముఖంలో దయ ఉట్టిపడుతోందనీ మరొకరి ముఖంలో క్రౌర్యం తాండవిస్తోందనీ చెప్పేవారు వారి వారి చరిత్రలను ముందే తెలుసుకుని వచ్చి ముఖాల మీద రుద్దుతున్నారే తప్ప, ముఖాల నుంచి దేనినీ రాబట్టడం లేదు. దండ వేసి, బొట్టు పెట్టి, చేతులు జోడించాక ఎదుటి పటం చల్లగా చూస్తున్నట్టు తోచడం దైవదర్శనానికి అలవాటుపడిన కంటికి సహజం. అది భక్తుని గురించిన సంగతి.

పైగా ఈ కరుణామూర్తి చిత్రం అసలు మనిషిని పలచన చేస్తుంది. కాగితాల్లో కనిపించే కాటన్ పట్టు వదలని కలహశీలి. పైవారి నిర్లక్ష్యాన్ని నివేదికల్లో కడిగివేసినవాడు, రైలు మార్గాలకు పోసే డబ్బును నౌకా ప్రయాణానికి పనికివచ్చే కాలువలకు పెట్టాలని దశాబ్దాల పాటు వాదించినవాడు, డెబ్బై అయిదేళ్ళ వయసులో, 1878లో, కామన్స్ సభ సెలెక్ట్ కమిటీ ఎదుట తన వాదాన్ని నిలబెట్టుకోవడానికి కూర్చున్నవాడు. కోనసీమకు మేలు చేసింది ఆ మొండితనమే. చల్లని చూపుల సాధువుగా మార్చి దానిని పటంలోంచి తుడిచిపెట్టడం ఆయనకు చేసే గౌరవమెలా అవుతుంది?

2. కోటు గురించి

కోటును పక్కన పెట్టమనడం ఈ వ్యాఖ్యానంలోని అసలు లోపం. ఎందుకంటే పటంలో నమ్మదగిన సాక్ష్యమంటూ ఉన్నది కోటులోనే.

కాటన్ కుటుంబం ఇంగ్లండులోని భూస్వామ్య సైనిక కులీనులలో చేరినది. ఆయన తాత సర్ లించ్ కాటన్ బారోనెట్, అంటే తండ్రి నుంచి పెద్ద కొడుక్కు సంక్రమించే 'సర్' బిరుదం గలవాడు. ఆయన పెదతండ్రి కొడుకు స్టేపుల్టన్ కాటన్ నెపోలియన్ యుద్ధాల్లో అశ్వికదళాన్ని నడిపి ప్రభువై, 1826లో భరత్‌పూర్ కోటను పట్టిన సేనాధిపతిగా పేరుపొంది, వైకౌంట్ కాంబర్మియర్ అయ్యాడు. ఆస్తీ బిరుదమూ పెద్ద కొడుక్కే దక్కే ఆ వ్యవస్థలో, చిన్న కొడుకు సంతానంగా, అందులోనూ పదకొండుమంది అన్నదమ్ముల్లో పదవవాడిగా పుట్టిన ఆర్థర్‌కు మిగిలిన దారులలో కంపెనీ కొలువు ఒకటి. ఆడిస్కోంబులోని కంపెనీ సైనిక విద్యాలయంలో చదివి, పదహారేళ్ళకే మద్రాసు ఇంజనీర్ల దళంలో అధికారిగా నియమితుడై, 1824-26 నాటి మొదటి బర్మా యుద్ధంలో పోరాడి, ఆ తరువాతనే కావేరి, కొల్లిడం పనుల మీదుగా గోదావరికి వచ్చాడు. ఈ వరుసలో సైనికత్వం ఒంటి మీద కప్పుకున్న వేషంగా ఎక్కడా కనిపించదు. ఆ మనిషి నడిచిన దారి అంతా అదే.

ఆయన ఒక్కడి సంగతి కూడా కాదిది. ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలో ఆనకట్టలు, కాలువలు, రోడ్లు తలపెట్టే ఇంజనీర్లు ప్రధానంగా సైన్యంలోని ఇంజనీర్ల దళం వారే. నదిని కొలవడానికి కావలసిన విద్య వారికి కోటలు కట్టడానికీ కూల్చడానికీ నేర్పిన విద్యలో భాగంగా వచ్చింది; మనుషులను, రాయిని, కలపను ఒకచోటికి రప్పించగల అధికారం హోదాతో వచ్చింది; పని మంజూరు కావడానికి మాత్రం దయాగుణం ఏమీ పనిచేయలేదు. కాటన్ నివేదికలు కంపెనీ పెద్దలకు చూపించింది రాబడిని: నీరు పారితే శిస్తు ఎంత పెరుగుతుంది, కాలువల్లో పడవలు నడిస్తే సరుకు ఎంత చవకగా రేవుకు చేరుతుంది, పెట్టుబడి ఎన్నాళ్ళలో తిరిగి వస్తుంది. కరువు మీద ఆయనకు నిజంగానే ఆవేదన ఉండవచ్చు, ఉన్నదనే ఆయన రాతలు చెబుతాయి. అయితే మంజూరు ఉత్తర్వు ఆ ఆవేదన కోసం రాలేదు. శిస్తు వసూలు చేసే రాజ్యమూ, ఆ రాజ్యానికి కావలి కాసే సైన్యమూ, ఆ సైన్యంలోని సాంకేతిక విద్యా కలిసి ఆనకట్టను కట్టాయి. ఆ మూడింటి కలయికను పటంలో చూపగలిగే వస్తువు ఏదైనా ఉన్నదంటే అది కోటు ఒక్కటే.

'దొర వేషాన్ని చూసి ఏమి లాభం, మనిషిని చూడండి' అన్న సలహా అందువల్ల పైకి ఉదారంగా తోచినా దాని ఫలితం ఉదారమైనది కాదు. అది కంపెనీ పాలనను చరిత్రలోంచి తప్పించి, ఆ స్థానంలో ఒక పుణ్యపురుషుణ్ణి కూర్చోబెడుతుంది. నందన కరువు నాటికి రాజమహేంద్రవరం జిల్లా మీద పెత్తనం కంపెనీదే. కాలువలు, చెరువులు పాడుపడుతుంటే పట్టించుకోక శిస్తు మాత్రం పిండుకున్నది కంపెనీయే. పదేళ్ళ పైచిలుకు తరువాత ఆనకట్టకు డబ్బు ఇచ్చిందీ ఆ కంపెనీయే. గాయానికీ మందుకూ కారణం ఒకటేనన్న ఇబ్బందికరమైన సత్యాన్ని కోటు గుర్తు చేస్తూ ఉంటుంది గనుకనే కాబోలు, దానిని చూడవద్దని ఇంత ఆత్రంగా చెబుతుంటారు.

3. గుర్రం గురించి

ధవళేశ్వరంలోనూ డెల్టా గ్రామాల్లోనూ గుర్రమెక్కిన కాటన్ విగ్రహాలు ఉన్నాయి. ఆ గుర్రం ఆయన పర్యటనలకు గుర్తన్న మాట వినడానికి బాగుంటుంది. ఆయన గుర్రమెక్కి తిరిగినవాడే; ఆ కాలపు అధికారి ఎవరైనా తిరిగినవాడే. అయితే మూడు దిక్కులా పాయలు, నాలుగో దిక్కున సముద్రం ఉన్న కోనసీమకు గుర్రంతో పాటు పడవ కూడా కావలసి వచ్చేదన్న సంగతి విగ్రహం చేయించేవారికి ఎందుకు తట్టదు? పడవలో కూర్చున్న కాటన్ విగ్రహం ఎక్కడా ప్రసిద్ధి కాలేదు. కారణం తేలికే. అశ్వారూఢ విగ్రహం రోములోని మార్కస్ అరీలియస్ కాలం నుంచి రాజులకూ సేనానులకూ ప్రత్యేకించిన భంగిమ. దానిని చూసినవారికి పర్యటన స్ఫురించదు, అధికారం స్ఫురిస్తుంది. వైకౌంట్ కాంబర్మియర్‌కు ఇంగ్లండులోని చెస్టర్ కోట వద్ద 1865లో శిల్పి మారొకెట్టి చేసిన విగ్రహం అశ్వారూఢమైనదే. ఆ ఇంటివారిలో పెద్దవాడికి చెస్టర్‌లో దక్కిన గుర్రాన్నే, చిన్నవాడికి గోదావరి రైతులు ఇక్కడ ఇచ్చారు. ఇదొక విచిత్రం: ఆయన బిరుదాలు ఇవ్వని గౌరవాన్ని కృతజ్ఞులైన వ్యవసాయదారులు సైనిక ప్రభువుల భాషలోనే ఇచ్చుకున్నారు.

విగ్రహ సంప్రదాయాన్ని కథగా చదవడం వల్ల వచ్చే అనర్థానికి మద్రాసులోని థామస్ మన్రో విగ్రహం మంచి ఉదాహరణ. దత్త మండలాల కలెక్టరుగా తెలుగువారికి చిరపరిచితుడైన మన్రో కూడా సైన్యంలో మేజర్ జనరల్, బారోనెట్. 1839లో నిలిపిన ఆయన విగ్రహంలో గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. శిల్పి మరచిపోయాడనీ, తప్పు తెలిసి ఆత్మహత్య చేసుకున్నాడనీ నేటికీ చెప్పుకుంటారు. శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ లండనులోని నాలుగో జార్జి రాజు విగ్రహానికి కూడా రికాబులు పెట్టలేదు. ప్రాచీన శిల్పాల ఛాయ కోసం కోరి ఎంచుకున్న పద్ధతి అది. పద్ధతి తెలియనివారికి రికాబులు లేకపోవడం ప్రాణాంతకమైన పొరపాటుగా కనబడినట్టే, కాటన్ గుర్రం పరామర్శ యాత్రగా కనబడుతున్నది.

4. కృతజ్ఞత గురించి

పటాన్ని పరీక్షించడం కృతఘ్నత అన్న చివరి మాట వాదన కాదు, నోరు మూయించే ఉపాయం. ఎవరికి కృతజ్ఞత అన్న ప్రశ్న వేసిన మరుక్షణం అది చెదిరిపోతుంది. ఒంటరి వ్యక్తిని నిలువెత్తున చూపించి, చుట్టూ ఎవరినీ ఉంచకపోవడం కులీన చిత్రపటానికి ఉన్న ప్రధాన లక్షణం. పని అంతా ఆ ఒక్కడిదేనన్న భ్రమ ఆ కూర్పులోనే ఉన్నది. కూలీలను కూడగట్టి, పనిని ముందుండి నడిపించి, కాటన్‌కు కుడిభుజంగా నిలిచి బిరుదం పొందిన వీణం వీరన్న పటం కోనసీమలో ఎన్ని గోడల మీద ఉంది? వైనతేయ పాయ మీదుగా నీటిని అవతలి నగరం లంకకు దాటించిన గన్నవరం అక్విడక్టును, అంటే ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పుగల 49 కమానుల మీద కాలువను మోసిన వంతెనను, కట్టించిన లెఫ్టినెంట్ హేగ్ పేరు రాజోలు ప్రాంతంలో ఎందరికి గుర్తు? రాయి కొట్టిన, మట్టి మోసిన వేల మందికి పేరే లేదు, ఇక పటమెక్కడిది? ఒక్కడిని చూపే చట్రాన్ని నమ్మి ఇందరిని మరచిన కృతజ్ఞతకు ఇతరులను కృతఘ్నులనే హక్కు లేదు.

ఈ గన్నవరం ప్రాంతమే మరొక పటాన్ని కూడా గుర్తు చేస్తుంది. లంకల గన్నవరంలో ఆకలిగొన్నవారికి వేళ చూడకుండా వండి వడ్డించిన డొక్కా సీతమ్మ ఫోటోను ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భంలో తెప్పించుకున్నారనీ, ఆమె ఫోటోకు ఒప్పుకోకపోతే, తీయించకుంటే తన ఉద్యోగం పోతుందని అధికారి బతిమాలగా అతడి మీద జాలితో ఒప్పుకున్నదనీ కోనసీమలో అందరూ చెప్పుకుంటారు. ఈ కథలో కరుణ ఫోటోలో లేదు, ఆమె వంటింట్లోనూ ఆ అంగీకారంలోనూ ఉంది. ఫోటోలో ఉన్నది దానిని అడిగిన సామ్రాజ్యపు అవసరం. ఇంత సూక్ష్మంగా ఆ పటం కథను చెప్పుకోగలిగిన సీమ, కాటన్ పటం దగ్గరకు వచ్చేసరికి ఎవరు గీయించారు, ఏ హోదా కోసం, ఏ సంవత్సరంలో అన్న ప్రశ్నలను మరచిపోవడం ఆశ్చర్యం. వైనతేయ మీద కట్టిన కొత్త అక్విడక్టుకు సీతమ్మ పేరు పెట్టుకున్నారు గాని, పాతదాని దగ్గర హేగ్‌ను తలచినవారు అరుదు.

కరుణ వాదం వల్ల వచ్చే నష్టం చరిత్ర పుస్తకాలతో ఆగదు. డెల్టా ఒక వ్యవస్థ: బొబ్బర్లంక దగ్గర నీరు వదలడం, లొల్ల లాకుల వంటి చోట్ల మట్టం నిలపడం, వేసవిలో కాలువలను మూసి పూడిక తీయడం, వానాకాలంలో కౌశిక వంటి మురుగు కాలువల గుండా ముంపును సముద్రానికి పంపడం, వీటన్నిటికీ నిధులు, సిబ్బంది, లెక్కచెప్పే బాధ్యత ఉండాలి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధరతో పాటు పూడిపోయిన మురుగు కాలువలు కూడా ఆ నిర్ణయానికి కారణమయ్యాయి. ఆనకట్ట ఒక మహానుభావుని జాలి నుంచి పుట్టిందని నమ్మేచోట, గుర్రపుడెక్క పేరుకున్న కాలువకు మందు మరొక జాలిగుండె కోసం ఎదురుచూడడమే అవుతుంది. జయంతినాడు పాలాభిషేకం చేసిన చేతులతోనే పూడికతీత పద్దును అడగడం మొహమాటమవుతుంది. ఆనకట్ట శిస్తు లెక్కల మీద, సైనిక క్రమశిక్షణ మీద, అధికారులు ఒకరికొకరు రాసుకున్న కటువైన ఉత్తరాల మీద లేచిందని తెలిసినవారు, నీటి పన్ను కడుతున్నవారిగా, అదే లెక్కను నేటి అధికారుల ముందు పెట్టగలరు. కాటన్ తన పైవారి ముందు పెట్టింది కూడా ఆ లెక్కనే.

పటాన్ని గోడ మీద నుంచి దించనక్కరలేదు, దండ తీయనక్కరలేదు. దాని కింద 'అపర భగీరథుడు' అని రాసే చోట, ఆ కోటు ఏ దళానిదో, ఆ నక్షత్రం ఏ సంవత్సరంలో ఎవరు ఇచ్చినదో, ఆనకట్ట కట్టేనాటికి ఆయన హోదా ఏమిటో, వీరన్నా హేగ్ ఏ పనులు చేశారో నాలుగు వాక్యాల్లో రాయించాలి. అలా రాయించడానికి అభ్యంతరం చెప్పేవారు తాము కాపాడుతున్నది కాటన్‌నా, తమ భక్తినా అన్నది తేల్చి చెప్పాలి.